వట్టివేళ్ళు తీసిన గట్టు

తోటపనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందు గులాబీల గురించి అడుగుతారు, ఆ తర్వాత లాన్ గురించి. గడ్డి అంటే వాళ్ళ దృష్టిలో మిషన్‌తో కోసి చదును చేసేదే. దుబ్బుగా పెరిగి, ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిచే మన నేల గడ్డి గురించి ఎవరూ అడగరు. నాకు ఈ పని నేర్పింది ఎక్కువగా అలాంటి గడ్డే. అది వట్టివేరు. మన వాళ్ళు దాన్ని ఎండాకాలం కూలర్లలో, కిటికీ తడకల్లో చూస్తారు. అది ఒక మొక్క అని, దాన్ని పెంచాలని, పెంచితే అది నేలకు ఏం చేస్తుందో చూడాలని తోచదు.

తొంభైల్లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇళ్ళలో తోటలు వేసి, వాటిని చూసుకోవడమే నా వృత్తి. అప్పటికింకా ఆ వీధుల్లో పెరళ్ళు ఉండేవి. నేను వేసిన తోటలు చాలావరకు ఇప్పుడు అపార్టుమెంట్ల పార్కింగుల కింద ఉన్నాయి. నా మోకాళ్ళు వయసుకంటే ముందే అరిగిపోవడంతో పని మానేశాను. ఎన్ని తోటలు వేశానో, ఎవరు మెచ్చుకున్నారో రాయబోవడం లేదు. ఒక గట్టు గురించి రాస్తాను. ఈ పనిలో మాట ఎలా చెప్పాలో అక్కడే తెలిసింది.

రహీం సాబ్ దగ్గర

నేను పని నేర్చుకున్నది రహీం సాబ్ దగ్గర. నారాయణగూడ మార్కెట్ వెనక సందులో ఆయన నర్సరీ. మంచి యజమాని అని చెప్పలేను. నోరు దురుసు, చెయ్యి పొదుపు. కానీ మొక్క విషయంలో అబద్ధం ఆడడు.

వట్టివేరు నాటడం ఆయన ఒక్కసారే చూపించాడు. పాత దుబ్బును తవ్వి, పిలకలుగా చీల్చాలి. ఆకును జానెడు ఉంచి కోసేయాలి, వేళ్ళను వేలెడు ఉంచి కత్తిరించాలి. వాలు నేల అయితే వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వరసగా నాటాలి. పిలకకూ పిలకకూ మధ్య బెత్తెడు. అంతకంటే దూరమైతే ఆ సందులోంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. మొదటి ఏడు నీళ్ళు పోయాలి, కలుపు తీయాలి, మేకలను రానివ్వకూడదు. రెండో వానాకాలానికి దుబ్బులు ఒకదానికొకటి ఆనుకుని గోడలా అవుతాయి. పక్క మొక్కల జోలికి పోకుండా వేళ్ళు నేరుగా కిందికి, మనిషి లోతు దాటి దిగుతాయి.

నాకు మొదటినుంచీ కొలిచే అలవాటు. బడిలో లెక్కలు పెద్దగా చదవలేదు. తాడు, సీసా, కర్ర పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. వాన పడ్డప్పుడల్లా వాలు కింద పారే నీళ్ళను ఒక గాజు సీసాలో పట్టి, తేటపడేదాకా ఉంచేవాణ్ణి. అడుగున ఎంత మట్టి నిలిచిందో గుర్తు పెట్టుకుంటే, నేల ఎంత కొట్టుకుపోతున్నదో తెలుస్తుంది. గడ్డి నాటకముందు ఒక సీసా, నాటాక ప్రతి ఏడూ ఒక సీసా.

రహీం సాబ్ వాటిని చూసి నవ్వాడు. "డాక్టర్ సాబ్ వచ్చిండు! గడ్డికి పరీక్షలు చేస్తుండు. రిపోర్ట్ ఎప్పుడిస్తవ్ మియా?"

"మట్టి తగ్గింది సాబ్, చూడుర్రి."

ఆయన సీసా అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. నవ్వు ఆగింది. "ఇది పైనుంచి పోయే మట్టి. లోపల ఏం నడుస్తుందో నీ సీసాకు తెల్వదు. ఈ గడ్డి పని అంతా కిందనే. యాద్ పెట్టుకో."

యాద్ పెట్టుకున్నాను. అర్థం చేసుకున్నది మాత్రం చాలా తర్వాత.

వాసన అడిగిన అమ్మగారు

చిక్కడపల్లిలో ఒక అమ్మగారు వరండా పక్కన పెద్ద కుండీలో వట్టివేరు పెట్టించుకున్నారు. ఆరు నెలలయ్యాక కబురు పెట్టారు. వెళ్ళేసరికి ఆకు తుంపి చేతిలో నలుపుతున్నారు.

"ఏమయ్యా సుదర్శన్, దీనికి వాసనే లేదు. వట్టివేరని చెప్పి ఏ పిచ్చిగడ్డో అంటగట్టావా?"

"వాసన వేళ్ళల్ల ఉంటదమ్మా. ఆకుల ఉండది."

"మరి వేళ్ళ వాసన ఎలా చూడను?"

"దుబ్బు పీకాలె."

"పీకితే?"

"దుబ్బు పోతది."

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను తేరిపార చూశారు. "మొక్క ఉంటే వాసన లేదు, వాసన కావాలంటే మొక్క లేదు. ఇదేం బేరమయ్యా!"

చివరికి ఒప్పందానికి వచ్చాం. ప్రతి వేసవికీ సగం దుబ్బు తవ్వి వేళ్ళు ఆవిడకు, పిలకలు మళ్ళీ కుండీకి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అలాగే నడిచింది. ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. ఇళ్ళవాళ్ళకు కంటికి కనిపించే చోటనే ఫలితం కావాలి. ఈ గడ్డి చేసే మేలు కంటికి కనిపించదు కనుక దాన్ని తీసేయడం చాలా తేలిక. ఈ మాట మీకు పనిలో మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలి.

నాలా పక్క ఇల్లు

అశోక్ నగర్‌లో కామేశ్వరరావు గారిల్లు. ఆయన కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఇంటికి తూర్పున ఒక మట్టి గట్టు, గట్టు కింద వాననీళ్ళు పారే నాలా. ఏటా వానలకు గట్టు కొంచెం కొంచెంగా నాలాలోకి జారుతుండేది. గట్టు మీద, ఆగ్నేయం మూలన, రేకుల గది. అందులో ఇస్త్రీ చేసే మల్లేశ్, అతని భార్య అనసూయ ఉండేవాళ్ళు. కిరాయి లేదు. దానికి బదులు ఇంటివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు. చుట్టుపక్కల కోచింగ్ పిల్లల హాస్టళ్ళ నుంచి బట్టలు వచ్చేవి. ఆ గది పోతే వాళ్ళకు ఇల్లూ పోతుంది, గిరాకీ కూడా పోతుంది.

గట్టు పొడవునా మూడు వరసలు వట్టివేరు నాటింది నేనే. మల్లేశ్ రోజూ బొగ్గులు ఆర్పిన నీళ్ళు పక్కన పారబోసి, మంచినీళ్ళు మాత్రం పిలకలకు పోసేవాడు. మూడో ఏటికి నా సీసాలో మట్టి వేలి మందం కూడా నిలవలేదు. గట్టు ఎక్కడిదక్కడ ఆగింది.

"అన్నా, మా ఇంటికి పునాది నువ్వే ఏసినవ్," అనేవాడు మల్లేశ్. "సిమెంటు లేని పునాది."

"పునాది మీద కూసొని గడ్డి కోసి మేకకేస్తున్నవ్, నేను చూడలేదనుకున్నవా?"

"కొసలే గదన్నా! కటింగ్ చేస్తున్న, తలకాయకు చేసినట్టు."

కొసలు కోయడం మంచిదే. దుబ్బు ఇంకా చిక్కబడుతుంది.

ఈశాన్యం

ఆ రోజుల్లో నగరంలో వాస్తు పేరుతో గోడలు పగలని వీధి లేదు. కామేశ్వరరావు గారి కోడలికి రెండు కాన్పులు నిలవలేదు. రెండోది బాగా నెలలు నిండాక పోయింది. ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అలాంటప్పుడు వాస్తు చూసే ఆయన వచ్చి, తూర్పు, ఈశాన్యం బరువుగా, ఎత్తుగా ఉన్నాయన్నాడు. గట్టు తగ్గించాలి, దుబ్బులు మొదలంటా తీసేయాలి, ఇంటి మీద, వాకిట్లో పడ్డ నీళ్ళన్నీ ఈశాన్యం నుంచే బయటికి పోవాలి. మల్లేశ్ గదికి మాత్రం ఏ దోషమూ లేదట. నిప్పుతో పని కనుక ఆగ్నేయం సరైన చోటేనట. మల్లేశ్, అనసూయ ఆ మాట విని సంతోషించారు.

నాకు కబురు వచ్చేసరికి కూలీలు దుబ్బులు తవ్వుతున్నారు. కూలర్ల కోసం వేళ్ళు కొనే వ్యాపారి బండి గేటు దగ్గర ఆగి ఉంది. వాకిలంతా వట్టివేళ్ళ వాసన.

"సార్, ఈ గడ్డే గట్టును పట్టుకొని ఉన్నది," అన్నాను.

"తెలుసయ్యా. నువ్వు వేసినప్పుడు మెచ్చుకున్నది నేనే కదా. గట్టు పైన కాస్త చెక్కించి బండలు పరిపిస్తాను. నీళ్ళు శుభ్రంగా పోతాయి."

నేను తాడు తెచ్చి డాబా కొలిచాను, వాకిలి కొలిచాను. గట్టివాన ఒకటి పడితే ఆ మూలకు ఎన్ని డ్రమ్ముల నీళ్ళు చేరతాయో లెక్కవేసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చూశాడు. లెక్క తప్పని అనలేదు.

"సుదర్శన్, నీ లెక్కలో మట్టి ఉంది, నీళ్ళున్నాయి. మా కోడలు లేదు. ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్నానయ్యా."

ఆయన చెడ్డవాడని, మూర్ఖుడని మీరు అనుకోవద్దు. ఆయన స్థానంలో ఉంటే నేనూ గడ్డి పీకించేవాణ్ణేమో. కనీసం గట్టు కింది అంచున, కంటికి ఎత్తుగా కనిపించని చోట ఒక్క వరస మళ్ళీ నాటనివ్వమన్నాను. తూర్పున ఏదీ వద్దన్నాడు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. "సార్, ఈ వానలకే గట్టు పోతది. గదిలోవాళ్ళను ఖాళీ చేయించండి."

ఈ వానలకే అన్నాను. నా లెక్క ప్రకారం అది నిజం.

గట్టు నిలిచిన ఏడు

అనసూయ నా మాట విన్నది. మల్లేశ్‌కు ఇష్టం లేకపోయినా, తొలకరికి ముందే సామాను మూటగట్టించి రాంనగర్‌లోని అక్కగారింటికి తీసుకుపోయింది. అక్కడ ఒకే గది. అక్క, బావ, వాళ్ళ పిల్లలు, వీళ్ళిద్దరు. బల్ల వేసుకోవడానికి చోటు లేక మల్లేశ్ రోజూ రాంనగర్ నుంచి నడిచి వచ్చి, హాస్టళ్ళలో బట్టలు తీసుకుని, ఒక షాపు మెట్ల మీద ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. వాన వస్తే అదీ లేదు. సగం హాస్టళ్ళు వేరేవాళ్ళకు అలవాటు పడ్డాయి.

ఆ ఏడు గట్టివానలే పడ్డాయి. నేను ప్రతి వానకూ వెళ్ళి చూశాను. షాబాదు బండల మీద నుంచి నీళ్ళు జారి నాలాలో పడుతున్నాయి. గట్టు కదల్లేదు. నా సీసాలో మట్టి కొంచెం పెరిగింది, అంతే. వానాకాలం పోయింది. గట్టు నిలిచింది.

దసరా ముందు వాళ్ళు తిరిగి వచ్చారు. మూటలు దించుతూ మల్లేశ్ అన్నాడు, "ఏందన్నా, మీ లెక్క మమ్ములను ఊరంతా తిప్పింది. మా వదిన నోటికి నువ్వు జవాబు చెప్తవా?"

"మంచే అయింది గద మల్లేశ్, గట్టు పడకపోవుడు."

"మంచే అయింది. గిరాకీ పోయింది, గట్టు ఉన్నది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అనసూయ నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఆ చలికాలంలో కామేశ్వరరావు గారి కోడలికి అప్పటికే అయిదో నెల అని తెలిసింది. ఎండలు ముదరకముందే మగపిల్లవాడు పుట్టాడు, నెలలు నిండకుండానే పుట్టినా నిలిచాడు. ఆయన నాకు లడ్డూ పెట్టి, భుజం తట్టాడు. "చూశావా సుదర్శన్! గట్టూ ఉంది, మనవడూ ఉన్నాడు." ఆ రోజు ఆ ఇంట్లో నవ్వులు విని నాకూ సంతోషమే అయింది. నా లెక్క తప్పిందనే అనుకున్నాను. కానీ ఎక్కడ తప్పిందో దొరకలేదు. దొరకని తప్పు నన్ను పడుకోనివ్వదు.

మళ్ళీ తొలకరి వచ్చింది. అనసూయ దగ్గరికి వెళ్ళి, "చెల్లె, ఈ యేడు గూడ జర చూసుకొని ఉండుర్రి," అన్నాను.

ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎగదోస్తూ తల ఎత్తకుండానే అంది. "మల్లనా అన్నా? పోయినేడు పడ్తదన్నవ్, పోయినం. మా అక్క ఇంకా మాట్లాడ్తలేదు. ఇప్పుడు పడ్తదని ఖాయంగ చెప్తవా?"

ఖాయంగా చెప్పలేకపోయాను. నా దగ్గర లెక్క లేదు. "తెల్వదు చెల్లె," అన్నాను.

"తెల్వనిదానికి ఏడికని పోతం?" అంది. ఆమె మాటలో తప్పు లేదు.

గట్టు పోయిన రోజు

ఆ ఏడు వానలు ముందటి ఏటికంటే తక్కువే. మధ్యాహ్నం మొదలైన వాన ఒకటి సాయంత్రం దాకా ఆగలేదు. అనసూయ ఇస్త్రీ బట్టల మూట ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని హాస్టల్‌కు వెళ్ళింది. తర్వాత జరిగింది నేను ఆమె నుంచి, ఎదురింటివాళ్ళ నుంచి విన్నది.

ముందు ఈశాన్యం మూల బండలు రెండు కిందికి కుంగాయి. ఆ సందులోకి నాలా నీళ్ళు తిరిగి, గట్టును కింది నుంచి కోసుకుంటూ దక్షిణం వైపు వచ్చాయి. మల్లేశ్‌కు తప్పించుకునే సమయం ఉంది. చప్పుడు విని బయటికి వచ్చాడు. ఎదురింటివాళ్ళు అతన్ని రోడ్డు మీద చూశారు. చంకలో ఒక మూట ఉంది. దాన్ని వాళ్ళ గేటు లోపల పెట్టి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఏడికిరా పోతవ్, ఆగు!" అని ఎదురింటి పెద్దాయన అరిచాడు.

"పోరగాండ్ల బట్టలున్నయ్ పెద్దాయనా. ఇంటర్వ్యూ బట్టలు," అన్నాడట.

రెండో మూట తెచ్చాడు. మూడోసారి లోపల ఉన్నప్పుడు గది పోయింది. అనసూయ సందు మలుపు తిరిగేసరికి రేకులు నాలాలో కొట్టుకుపోతున్నాయి.

అతను మర్నాడు దొరికాడు. ఎక్కడ, ఎలా అన్నది రాయను.

ఇస్త్రీ పని తెలియనివాళ్ళు బట్టల కోసం ప్రాణం పోగొట్టుకున్నాడేమిటి అంటారు. చాలామంది అన్నారు కూడా. అవి అతని బట్టలైతే వెనక్కి వెళ్ళేవాడు కాదు. పరాయి బట్ట ఒకటి పోతే ఆ హాస్టల్ గుమ్మం మళ్ళీ ఎక్కలేడు. ముందటి ఏడు సగం గుమ్మాలు నా మాట వల్లే పోయాయి. మిగిలిన సగాన్ని కాపాడుకోవడానికి వెళ్ళాడు.

నాలాలో నీళ్ళు తగ్గాక నేను కోసుకుపోయిన గట్టు ముందు నిలబడ్డాను. నిలువుగా తెగిన మట్టిలో పైనుంచి కిందిదాకా సన్నటి నల్లటి రంధ్రాలు, వరసగా, మూడు వరసలు. నేను నాటిన వరసలే. కూలీలు దుబ్బులనూ చేతికందిన వేళ్ళనూ తీశారు. లోతుగా దిగిన వేళ్ళు లోపలే ఉండిపోయాయి. చచ్చిన వేళ్ళు కూడా ఒక ఏడు గట్టును పట్టుకున్నాయి. ఆ ఏడే గట్టు నిలిచింది. రెండో ఏటికి కుళ్ళిపోయి, ఒక్కో వేరూ ఒక్కో గొట్టమైంది. బండల సందుల్లోంచి దిగిన నీళ్ళకు మనిషి లోతుకు దారులు. ముందటి ఏటికంటే తక్కువ వాన చాలింది.

వానకు లొంగని గట్టు అనుకున్నాం. అది చచ్చిపోయిన గడ్డి ఇచ్చిన గడువు. రహీం సాబ్ చెప్పింది అప్పుడు అర్థమైంది.

అందుకని మీకు చెబుతున్నాను. వాలు మీద ముదిరిన దుబ్బును తీయక తప్పకపోతే ఒకేసారి అన్నీ తీయకండి. ఒక వరస తీసి, దాని పక్కనే కొత్త పిలకలు నాటి, అవి దిగేదాకా తతిమ్మా వరసలు ఉంచండి. తీసేశాక మొదటి ఏడు ఏమీ కాకపోతే సంబరపడకండి, రెండో ఏడు, మూడో ఏడు ఎక్కువ భయపడండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రమాదం గురించి చెప్పేటప్పుడు దానికి గడువు పెట్టకండి. గడువు పెట్టి చెప్తే జనం ఆ గడువు దాకానే వింటారు. అది దాటితే మీ మాటకు విలువ ఉండదు, సరిగ్గా అప్పుడే దాని అవసరం వస్తుంది.

తర్వాత

దినాలయ్యాక కామేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. మనిషి సగమైపోయాడు. అనసూయకు ఇంట్లోనే పడమటి గది ఇస్తానన్నాడట. ఆమె ఒప్పుకోలేదు. మిగిలిన గట్టుకైనా వట్టివేరు నాటుతానని అడిగాను, నా పనికి ఏమీ తీసుకోనని కూడా చెప్పాను.

ఆయన తలుపు వైపు చూశాడు. లోపల పసివాడు ఏడుస్తున్నాడు.

"వద్దు సుదర్శన్," అన్నాడు. "తప్పు నాదే, కాదనను. కానీ తూర్పున ఏమీ పెట్టలేను. పసివాడున్నాడు ఇంట్లో."

నేను మళ్ళీ అడగలేదు. తర్వాత మున్సిపాలిటీ వాళ్ళే నాలా వెంట రాతిగోడ కట్టారు.

అనసూయ హాస్టళ్ళ వీధిలోనే ఒక పాత ప్రహరీ గోడ పక్కన బల్ల వేసుకుంది. మల్లేశ్ బయటికి తెచ్చిన రెండు మూటల్లోని బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్ళకు అందించాకే కొత్త బట్టలు తీసుకుంది. నేను ఆ వీధిలో పనికి వెళ్ళినా ఆమె ముందు నుంచి పోయేవాణ్ణి కాదు. మరుసటి ఏడు తొలకరి మబ్బు పట్టిన రోజు ఆమే నన్ను కేకేసి పిలిచింది.

"సుదర్శనన్నా, జర ఇటు రా. ఈ గోడ ఎట్లున్నది చూడు."

చూశాను. మొదలు దగ్గర తవ్వి చూశాను, చేత్తో తట్టి చూశాను, గోడ అవతల నీళ్ళు ఎటు పోతున్నాయో ఎక్కి చూశాను. గోడ గట్టిగానే ఉంది. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా నోటి వైపే చూస్తున్నది.

"ఈ రోజుకు మంచిగున్నది చెల్లె," అన్నాను.

"రేపటికి?"

"రేపు మల్ల వచ్చి చూస్త."

ఆమె ఇస్త్రీపెట్టె అందుకుని, "సరే అన్నా," అని మళ్ళీ పనిలో పడింది. మర్నాడు వెళ్ళాను. ఆమె అక్కడ బల్ల వేసుకున్నన్నాళ్ళూ, వాన పడ్డ ప్రతి రోజూ వెళ్ళాను.